తాళపుచెవి యెవరి చేతనున్నది?

నేడు మన వర్తకుల లెక్కలు గల్లాపెట్టె ప్రక్కను లేవు. క్లౌడు అను పేర నెక్కడనో యున్న పెద్ద కంపెనీల యంత్రములలో నున్నవి. వారు కాపలాయుండగా మనకేమి భయమని పలువురు నిశ్చింతగా నున్నారు. ఇది వట్టి భ్రమ. 2024లో స్నోఫ్లేక్ అను క్లౌడు సంస్థయొద్ద సమాచారము దాచుకొన్న టికెట్‌మాస్టర్, ఏ.టి.అండ్ టి. మొదలగు ఖాతాదారుల సొత్తు దొంగలపాలయ్యెను. దొంగలు గోడకు కన్నము వేయలేదు. ఖాతాదారుల పాస్‌వర్డులనే అపహరించి సింహద్వారమున ప్రవేశించిరి. ఆ ఖాతాలకు రెండవ తనిఖీ లేకుండుటయే వారికి రాజమార్గమైనది.

కావున పాస్‌వర్డుతోపాటు, చేతి ఫోనున ధ్రువపరచుట వంటి రెండవ తనిఖీని ప్రతి ఖాతాకును ఏర్పరుపవలయును. లింకు దొరికిన ప్రతివాడును చదువగలుగునట్లు దస్త్రములను విడువక, పేరుపేరున అనుమతి నీయవలయును. కొలువు విడిచిన గుమాస్తా ఖాతాను ఆనాడే మూయవలయును. ఒక నకలు వేరుచోట భద్రపరుపవలయును.

తగిన జాగ్రత్త వహింపని సంస్థలకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానాకు 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తావిచ్చినది. జరిమానా మాట యటుండనిండు. నమ్మి తన వివరముల నిచ్చిన కొనుగోలుదారునకు మనమేమని బదులు చెప్పగలము? స్వరాజ్యము సంపాదించుకొన్న జాతికి తన యింటి తాళపుచెవిని తాను కాపాడుకొనుట భారమా?