ఫ్లోరైడ్ ఎక్కడికి పోతుంది?

కాల్షియం ఫ్లోరైడ్ భూమిలో ఫ్లోరైట్ అనే ఖనిజంగా సహజంగానే లభిస్తుంది. దీనిని ఉక్కు కొలిమిలో వేస్తే లోహమలం సులభంగా కరిగి పారుతుంది. 'ప్రవహించు' అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండే దీనికా పేరు వచ్చింది. ఖనిజాన్ని గాఢ గంధకామ్లంతో వేడిచేసినపుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడుతుంది. శీతలీకరణ ద్రవాలకు, టెఫ్లాన్‌కు, అల్యూమినియం పరిశ్రమలో వాడే ఫ్లోరైడులకు అదే మూలం. సున్నపురాయి పొడిపై హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్య జరిపితే తెల్లని కాల్షియం ఫ్లోరైడ్ తిరిగి ఏర్పడుతుంది. అతినీలలోహిత కిరణాలను అడ్డగించని దాని స్ఫటికాలతో మేలురకం కటకాలు తయారవుతాయి.

ఇన్ని విధాల ఉపయోగపడే ఈ ఫ్లోరైడే తాగునీటిలో మితిమీరి కరిగితే పళ్ళపై గారలు కడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించిన వైద్య నివేదిక 1937లో వెలువడింది. నల్లగొండ పేరు దీనితో ఎంతగా ముడిపడిందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న భూగర్భజలంలో, రాళ్ళలోని ఫ్లోరైడ్ అధికంగా కరుగుతుంది.

అయితే నీటిలో సున్నం కలిపి ఫ్లోరైడునంతా కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దింపరాదా? చాలదు. ఆ లవణం లీటరు నీటిలో సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది. అంటే దాదాపు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ నీటిలోనే మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 1.5 మాత్రమే. అందుకే నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ 1970వ దశకంలో రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లో సున్నంతో పాటు పటికను చేర్చారు. పటిక వలన ఏర్పడే మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. పటిక మోతాదు నీటి గుణాన్ని బట్టి మారుతుంది; కొలవకుండా వేస్తే ఫలితం ఉండదు.

ఏ పద్ధతిలోనైనా ఫ్లోరైడ్ నశించదు, చోటు మారుతుందంతే. నల్లగొండ పద్ధతిలో అది మడ్డిలోకి చేరుతుంది, ఆర్.ఓ. యంత్రంలో వ్యర్థజలంలోకి చేరుతుంది. ఆ మడ్డిని బావి గట్టున పోసినా, ఆ నీటిని పక్క గుంటలోకి వదిలినా, తొలగించిన ఫ్లోరైడ్ తిరిగి అదే నేలకు చేరే ప్రమాదం ఉంది.

స్వగ్రామాలకు నీటిశుద్ధి యంత్రాలు బహూకరించే ప్రవాస తెలుగు సంఘాలు గమనించవలసినది ఇదే. యంత్రం కొనడం దానంలో సగభాగమే. నీటిని క్రమం తప్పక పరీక్షించే మనిషికి జీతం, వ్యర్థాన్ని భద్రపరచే ఏర్పాటు, మరమ్మతులకు నిధి తక్కిన సగం. ప్రారంభోత్సవపు శిలాఫలకానికి ముందే దాతలు ఒక ప్రశ్న వేయాలి: తొలగించిన ఫ్లోరైడ్ ఎక్కడికి పోతుంది? దానికి సమాధానం లేని చోట ఆ దానం సంపూర్ణం కాదు.