ఏ శాఖ పేజీ ఆ శాఖ చేతికే ఇవ్వండి

జిల్లా కలెక్టర్లకు, శాఖాధికారులకు, వెబ్‌సైటు చూసుకుని ఆఫీసుకు బయలుదేరే ప్రతి ఒక్కరికీ:

జిల్లా వైద్యారోగ్య శాఖలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రొవిజనల్ మెరిట్ లిస్టు తయారైందనుకోండి. సెక్షన్‌లో దాన్ని కంప్యూటర్ మీదే టైపు చేస్తారు. ఆపైన ప్రింటు, సూపరింటెండెంట్ పొట్టి సంతకం, అధికారి పూర్తి సంతకం, స్టాంపు. మళ్లీ స్కాన్ చేసి, కాస్త వంకరగా వచ్చిన ఆ కాపీని జిల్లా వెబ్‌సైటు చూసే సాంకేతిక సిబ్బందికి మెయిల్ చేస్తారు. అక్కడ అప్పటికే మిగతా శాఖల కాగితాలు బారు తీరి ఉంటాయి. అభ్యంతరాలకు ఇచ్చే గడువేమో కొద్ది రోజులే. ఆ బారులో ఎన్ని రోజులు పోతే అభ్యర్థికి అన్ని రోజులు నష్టం. తీరా పేజీ మీదికి వచ్చేది ఒక బొమ్మ. అందులో పేరు వెతికితే దొరకదు. చూపు లేని అభ్యర్థి ఫోనులోని స్క్రీన్ రీడర్‌కు అది తెల్ల కాగితంతో సమానం.

ఇందులో ఎవరి అలసత్వమూ లేదు, తప్పంతా పద్ధతిలో ఉంది. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి) అధికారుల, ఉద్యోగుల వివరాలు, పౌర సమాచార అధికారుల పేర్లతో సహా 17 అంశాలను ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తానే ప్రచురించాలనీ, ఏటా సవరించాలనీ చెబుతోంది. అంటే చట్టం ముందు బాధ్యత శాఖది, ప్రచురించే మీట మాత్రం ఇంకొకరి చేతిలో. బదిలీ అయి వెళ్లిన అధికారి పేరు నెలల తరబడి పేజీ మీద కొలువు చేయడం వింతేమీ కాదు. మేం అడిగేది ఒక్కటే: రాసే పని, సరిచూసే పని, ప్రచురించే అధికారం శాఖలోనే ఉండాలి, పేజీ మూస, రంగు, భద్రత, నియమాలు మాత్రం ఒక్కచోటే, ఒకరి చేతిలో ఉండాలి. ఇది కష్టమేమీ కాదు. జిల్లా వెబ్‌సైట్లు నడిచే, కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ ఎన్‌ఐసీ వారి ఎస్‌త్రీవాస్ వేదికలో పేజీ మార్చడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఎవరు రాయాలి, ఎవరు పరిశీలించాలి, ఎవరు ఆమోదించాలి అన్నది విధానంగా రాసుకోవాలని ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి.

గుమస్తాల చేతికిస్తే తప్పులు దొర్లుతాయంటారు. దొర్లుతాయి. ఇప్పుడూ దొర్లుతున్నాయి, కాకపోతే దిద్దాలంటే మళ్లీ ఆ బారులోనే నిలబడాలి. ఒకరు రాసింది మరొకరు చూడనిదే ప్రచురణ కాకూడదని నియమం పెట్టి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యేలా చూస్తే తప్పుకు బాధ్యుడూ దొరుకుతాడు, దిద్దుబాటూ ఆ పూటే జరుగుతుంది. అదనపు పని అన్నది ఇంకో మాట. టైపు చేసిందాన్ని ప్రింటు తీసి, స్కాన్ చేసి, మెయిల్ చేసే పని తగ్గుతుంది కదా! గట్టి అభ్యంతరం వేరే ఉంది: శాఖకో తీరు వస్తే పాఠకుడు తికమక పడతాడు. అందుకే ప్రమాణాలు కఠినంగా ఉండాలి. అను ఫాంట్లు కాకుండా యూనికోడ్ తెలుగు, స్కాన్ కాపీ కాకుండా అక్షరాలు, ప్రతి పేజీ కింద బాధ్యుడైన అధికారి హోదా, సవరించిన తేదీ. ఇవి లేని పేజీని వేదికే తిప్పికొట్టాలి. నాయకుల ఫొటోల సైజుకూ ఒక హద్దు పెడితే మరీ మంచిది.

బ్రిటన్ 2012 అక్టోబరులో గవ్.యూకే అనే ఉమ్మడి ప్రభుత్వ వెబ్‌సైటును ప్రారంభించి, 2013 ఏప్రిల్ నాటికి 24 మంత్రిత్వ శాఖలను ఆ ఒక్క చోటికే తెచ్చింది. ఇల్లు ఒకటే, శైలి నియమావళి ఒకటే. రాసి ప్రచురించే సంపాదకులు మాత్రం ఎవరి శాఖలో వాళ్లే ఉంటారు. అన్నీ అలా శాఖలకే వదలమని కాదు. తుపాను హెచ్చరికలు, ఎన్నికల కోడ్ కాలపు ప్రకటనలు ఒక్క నోటనే రావాలి. అవి కలెక్టరేట్ దగ్గరే ఉండనివ్వండి.

కలెక్టరు గారూ, ముందు ఒక్క వైద్యారోగ్య శాఖకు మూడు నెలలు ఈ వీలు ఇచ్చి చూడండి. సంతకమైన తేదీ, పేజీ మీదికి వచ్చిన తేదీ పక్కపక్కన రాయించండి. ఆ రెండు తేదీల పట్టికను కూడా ఆ వెబ్‌సైటులోనే పెట్టించండి.