సంపాదకుని మాట: నాపరాతి అరుగు మీది పాట

పసిపిల్లల పాటల్లో లయదే పెద్దరికం, అర్థం దాని వెనకే నడుస్తుంది. వికారాబాద్, తాండూరు ఇళ్లలో ఆటకు నాపరాతి అరుగు ఉంటే చాలు. పిల్లలు కాళ్లు బారజాపి వరసగా కూర్చుంటారు. ఒకరు పాడుతూ ఒక్కో కాలినీ తాకుతారు. పాట ఆగిన కాలు ముడుచుకోవాలి. ఎండాకాలంలో ఆ బండ చల్లదనం కూడా ఆటలో భాగమే. లెక్కా, వంతూ, ఓర్పూ అక్షరాలకు ముందే వచ్చేస్తాయి.

కర్ణాటక సరిహద్దు దగ్గరి తాండూరులో తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ చెవిన పడుతుంటాయి. పలుకు మారినా చేతి తాళం మారదు.

ఇలాంటి పాటలను సేకరించే పని ఇతర చోట్లా జరిగింది. చైనా పిల్లల పాటలను హెడ్‌లాండ్ అనే సేకర్త 1900లో అచ్చువేశాడు. పీకింగ్ విశ్వవిద్యాలయం 1918లో జానపద గేయాల సేకరణకు దిగింది. తెలంగాణలో బిరుదురాజు రామరాజు జానపద గేయాలను ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధనాంశం చేశారు. సేకరించేవారు పాటలోని అర్థంలేని మాటను దిద్దకూడదు. దిద్దితే తాళం తప్పుతుంది.