చాపెల్ కాలిపోయింది.. బెంచీల వరస మిగిలింది!

బ్రిటన్ పార్లమెంటు గొడవలు రీల్స్‌లో చూసే ఉంటారు. ప్రధాని ఒక పక్క, ప్రతిపక్ష నేత సరిగ్గా ఎదురుగా, మధ్యలో ఓ బల్ల. పచ్చ బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్న ఎంపీల గోల సరే సరి. అచ్చం కబడ్డీ కోర్టులో రెండు జట్లు తలపడ్డట్టే ఉంటుంది. మన లోక్‌సభలో సీట్లు గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి. మరి వాళ్లకెందుకలా? పెద్ద పెద్ద మేధావులు కూర్చుని గీసిన ప్లాన్ అనుకుంటున్నారా? కాదు. అది ఒకప్పుడు ఓ చాపెల్‌లో ప్రార్థన గీతాలు పాడేవాళ్లు కూర్చున్న వరస!

ఆ చాపెల్ పేరు సెయింట్ స్టీఫెన్స్. లండన్‌లో థేమ్స్ ఒడ్డున, వెస్ట్‌మిన్‌స్టర్ రాజభవనంలో ఉండేది. పారిస్‌లో ఫ్రాన్స్ రాజు కట్టించుకున్న సెంట్ షాపెల్ 1248లో సిద్ధమైంది. రంగు అద్దాలతో ధగధగలాడే ఆ కట్టడానికి తీసిపోకూడదని ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1292లో ఈ పని మొదలుపెట్టించాడు. యుద్ధాలొచ్చాయి, ఖజానా ఖాళీ అయింది, పని ఆగుతూ సాగుతూ ఆయన మనవడు మూడో ఎడ్వర్డ్ కాలానికి గానీ ఓ కొలిక్కి రాలేదు. రాజులకైనా ఇల్లు కట్టి చూడు అన్నట్టే ఉంది వ్యవహారం!

రెండంతస్తుల కట్టడం. పై అంతస్తు రాజుగారికీ, ఆయన కుటుంబానికీ. కింది అంతస్తు కొలువులో పనిచేసేవాళ్లకు. దేవుడు ఒక్కడే, మెట్లు మాత్రం వేరు. పైన ఎత్తయిన కిటికీలు, రంగు అద్దాలు, గోడల నిండా బంగారు పూతతో బొమ్మలు. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆ హాలుకు ఒక చివర బలిపీఠం. రెండు పక్కలా గోడల వెంబడి ఎదురెదురుగా బెంచీలు. ఈ వరస వాళ్లు ఒక చరణం పాడితే, ఆ వరస వాళ్లు తర్వాతి చరణం అందుకునేవాళ్లు.

కథ ఇక్కడే మలుపు తిరిగింది. 1547లో వచ్చిన ఒక చట్టంతో ఇలాంటి చాపెళ్లు మూతపడ్డాయి. అప్పటిదాకా కామన్స్ సభకు సొంత గది లేదు. పక్కనున్న వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సన్యాసుల భోజనశాల లాంటి చోట్ల సర్దుకునేవాళ్లు. ఖాళీ అయిన చాపెల్ వాళ్లకు దక్కింది. పాటగాళ్ల చోట్లో ఎంపీలు కూర్చున్నారు. బలిపీఠం ఉన్న వైపు స్పీకర్ కుర్చీ వేశారు. ఎంపీలు స్పీకర్‌కి తలవంచి నమస్కరించే అలవాటు బలిపీఠానికి వంగడం నుంచే వచ్చిందంటారు. ఆ అలవాటు సముద్రాలు దాటి మన లోక్‌సభ దాకా వచ్చింది.

కూర్చునే తీరు మారితే మాట తీరూ మారుతుంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఎవరైనా ఉంటే ఇటు, లేకపోతే అటు. మధ్యలో చోటు లేదు. పాటకు జవాబు పాట అన్న వరస, వాదానికి ఎదురు వాదంగా మారిపోయింది.

ఇప్పుడు మన సంగతి. ఈస్టిండియా కంపెనీకి పగ్గాలు వేసిన 1773 రెగ్యులేటింగ్ చట్టం, 1784 పిట్స్ ఇండియా చట్టం కామన్స్‌లో చర్చకొచ్చింది ఈ గదిలోనే. మన దేశంలో చదువుల కోసం ఏడాదికి లక్ష రూపాయలు పక్కన పెట్టాలన్న 1813 చార్టర్ చట్టం కూడా అంతే. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కార్లు అప్పటికే కంపెనీ చేతిలో ఉన్నాయి. మన ముత్తాతల ముత్తాతల శిస్తులూ చదువులూ ఎవరి అజమాయిషీలో ఉండాలో తేల్చింది ఈ బెంచీల మీదున్నవాళ్లే. వాళ్లను ఎన్నుకోవడానికి మనవాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు.

ఆ మాటకొస్తే అక్కడి ఆడవాళ్లకూ లేదు. 1778 నుంచి గ్యాలరీలో కూర్చుని వినే వీలు కూడా లేకుండా పోయింది. అయినా వాళ్లు ఊరుకోలేదు. 1692లో క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి ఈ హాలుకు కిందుగా కొత్త సీలింగ్ వేయించాడు. దానికీ పైకప్పుకీ మధ్య అటక, వేడి గాలి పోవడానికి అందులో ఓ గొట్టం. ఆడవాళ్లు అటకెక్కి, ఆ గొట్టం కంతల్లో ముఖం పెట్టి కింద జరిగే చర్చలు వినేవాళ్లు. ఇప్పుడు మనం లైవ్ స్ట్రీమ్‌ని స్క్రోల్ చేసి దాటేస్తున్నాం చూశారూ!

రాన్రానూ గది ఇరుకైపోయింది. 1801లో ఐర్లండ్ నుంచి మరో 100 మంది ఎంపీలు రావడంతో సీట్ల కోసం గోడలనే లోపలివైపు చెక్కి పలచన చేశారు. చెక్క పలకలు ఊడదీస్తే వాటి వెనక పాత రంగుల బొమ్మలు బయటపడ్డాయి. కొందరు గబగబా నకళ్లు గీసుకున్నారు. కొన్ని ముక్కలు ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగతావి పోయినట్టే.

అసలు దెబ్బ 1834 అక్టోబరు 16న పడింది. కాగితాలు లేని కాలంలో ప్రభుత్వం గంట్లు పెట్టిన కర్రలతో లెక్కలు రాసుకునేది. పనికిరాని ఆ కర్రలను రెండు బండ్లకెత్తి లార్డ్స్ సభ కింద పొయ్యిల్లో తగలబెట్టారు. పొగగొట్టాలు కాలిపోయి, మంట అంటుకుని పార్లమెంటులో చాలా భాగం బూడిదైంది. పాత లెక్కల్ని వదిలించుకోబోతే కొంపే అంటుకుంది!

పై అంతస్తు పోయింది గానీ కింది అంతస్తు గట్టిగా నిలబడింది. ఇప్పటికీ అది ప్రార్థనా మందిరమే. 1911 జనాభా లెక్కల రాత్రి ఎమిలీ డేవిసన్ అనే ఉద్యమకారిణి అక్కడే ఒక అలమరలో దాక్కుంది. ఎందుకో తెలుసా? ఓటు లేని ఆడదాని చిరునామా ‘హౌస్ ఆఫ్ కామన్స్’ అని సర్కారు లెక్కల్లో నమోదు కావాలని! ఆడవాళ్లలో కొందరికి 1918లోనూ, మగవాళ్లతో సమానంగా అందరికీ 1928లోనూ ఓటు వచ్చింది.

పాత చాపెల్ ఉన్న చోట ఇప్పుడు సెయింట్ స్టీఫెన్స్ హాల్ ఉంది. స్పీకర్ కుర్చీ ఉన్న చోటును నేల మీద ఇత్తడి గుర్తులు చెబుతాయి. కామన్స్ సభ మాత్రం వేరే గదికి మారింది. 1941లో బాంబులు పడి ఆ గదీ కూలిపోయింది. ఈసారైనా కొత్త ఆకారం వేసుకోవచ్చు కదా? చర్చిల్ వద్దన్నాడు. ఎదురెదురు బెంచీలే కావాలని పట్టుబట్టాడు. అందరికీ సీట్లూ అక్కర్లేదన్నాడు. అందుకే 650 మంది ఎంపీలున్న సభలో ఇవాళ్టికీ 427 సీట్లే.

సో, ఫ్రెండ్స్.. గది ఖాళీగా ఉన్నా ఊరికే ఉండదు. ఎవరు ఎదురెదురు పడాలో, ఎవరు అటకెక్కాలో అది చెప్పేస్తుంది. మీ కాలేజీ మీటింగ్‌లోనో, అపార్ట్‌మెంట్ మీటింగ్‌లోనో ప్రతిసారీ గొడవే అవుతోందా? మనుషుల్ని తిట్టేముందు ఒక్కసారి కుర్చీలు గుండ్రంగా వేసి చూడండి. ఖర్చేం లేదు కదా!