సంపాదకుని మాట: కాలికట్ నుంచి దత్తమండలాల దాకా

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరడంతో ఐరోపా నుంచి భారతదేశానికి సముద్ర మార్గం ఏర్పడింది. 1510లో గోవా, 1515లో హోర్ముజ్ పోర్చుగీసుల వశమయ్యాయి. అరేబియా, పర్షియా గుర్రాల వ్యాపారం వారి గుప్పిట్లోకి పోయింది. విజయనగర సైన్యానికి ఆ గుర్రాలు లేనిదే గడిచేది కాదు. అంతకుముందే విజయనగర రాజు సాళువ నరసింహుడు, ఓడలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపినా బతికిన గుర్రానికిచ్చే ధరే ఇచ్చేవాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు.

1520లో కృష్ణదేవరాయలు ఆదోని సీమలోని కోసిగికి ఉత్తరాన ఉన్న రాయచూరు కోటను ముట్టడించాడు. పోర్చుగీసు నాయకుడు ఫిగెరెదో వెంట వచ్చిన తుపాకీదారులు గోడ మీద తలెత్తిన వారినల్లా కాల్చారు. ఆ అండతో రాయల సైనికులు గోడ రాళ్లు పెకలించారు.

1565లో విజయనగరం దెబ్బతిన్నాక గోవా వ్యాపారమూ సన్నగిల్లింది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. 1800లో నిజాం, ఇప్పటి రాయలసీమలో చాలా భాగం ఉన్న దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. వాటిలో భాగమైన ఆదోని సీమ కంపెనీ ఏలుబడి కిందికి వచ్చింది.

అమెరికా ఖండాల నుంచి ఓడల్లో వచ్చిన మిరప, వేరుశనగ రాయలసీమ పొలాల్లో స్థిరపడ్డాయి. గుర్రాలు, తుపాకులు, పంటలు, కంపెనీ పాలన: ఈ సంచికలోని వ్యాసాలు ఈ నాలుగింటినీ వరసగా వివరిస్తాయి.