తూక్కుచట్టి మీది పేరు

ఈ నెల మా ఇంటి సంగతే ఒకటి చెప్తాను. మీ ఇండ్లలో కూడా ఇట్లాంటిది ఒకటి పరణ్ మీద ఉండే ఉంటుంది.

మా నాయన 1974లో కోవిల్‌పట్టిలో మిల్లు పనికి చేరినాడు. మొదటి సంబళంలో ఒక ఇత్తడి తూక్కుచట్టి కొన్నాడు. పాత్రల అంగడిలో పేరు ఏమని కొట్టాలని అడిగితే, తన పేరు చెప్పకుండా మా అమ్మ పేరు చెప్పినాడంట. చిన్న ఉలితో చుక్క చుక్కగా కొట్టిన అక్షరాలు, తమిళంలోనే. మన ఇండ్లలో మాట తెలుగు, బడి తమిళం కదా. పగలు షిఫ్టయినా రాత్రి షిఫ్టయినా ఆ చట్టిలోనే కంబు కూళు, మజ్జిగన్నం పోయింది. ఎవర్‌సిల్వర్ వచ్చినాక అది పరణ్ ఎక్కింది. నాయన పోయి నాలుగేండ్లు.

పోయిన పొంగలికి ఇల్లు సున్నం కొట్టేటప్పుడు నా కూతురు దాన్ని దించబోయి జారవిడిచింది. కైపిడి తగిలించే చెవి ఒకటి ఊడిపోయింది. పొట్ట మీద వేలెడంత పగులు. ఆ పగులు సరిగ్గా పేరు నడుమ నుంచి పోయింది. పిల్ల ఆ పూట అన్నం తినలేదు. అమ్మ ఏమీ అనలేదు. ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టింది.

మూడు నెలలు పోయినాక నేనే దాన్ని ఆచారి దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన తిప్పి తిప్పి చూసి రెండు దార్లు చెప్పినాడు.

మళ్లీ కూళు పోసుకోవాలంటే, ఇత్తడి కరిగించి వెలిగారంతో పగులు నింపాలి. తరువాత ఆకురాయితో నున్నగా రుద్దాలి. లోపల కళాయి పూయాలి. చట్టి గట్టిగా నిలుస్తుంది, కానీ పేరు పోతుంది. కావాలంటే పక్కన కొత్తగా కొట్టిస్తాడు. పేరు ఉండాలంటే, సోల్డరింగ్ ఈయంతో పైపైన అంటించవచ్చు. కానీ ఆ ఈయంలో సీసం కలిసి ఉంటుంది, అందులో తినేది ఏదీ పోయకూడదు అన్నాడు.

ఇది మనం అందరం తెలుసుకోవాల్సిన సంగతి. కళాయికి వేసేది వెల్లీయం, అంటే తగరం. దానితో భయం లేదు. కారీయం అంటే సీసం, అది విషం. కళాయి అరిగిపోయిన ఇత్తడిలో పులుసు, మజ్జిగ పోసినా చిలుము పట్టి కడుపు చెడుతుంది. పాత పాత్ర మీద ప్రేమతో దాన్ని అట్లాగే పొయ్యి మీద పెట్టకండి.

నేను మొదటి దారికే మొగ్గినాను. పాత్ర అంటే వాడేదానికే కదా, పేరు మళ్లీ కొట్టించుకోవచ్చు అనుకొన్నాను. ఇంటికి వచ్చి అమ్మతో చెప్పినాను. అమ్మ చట్టి ఒడిలో పెట్టుకొని బొటనవేలితో ఆ చుక్కలు తడిమింది. అమ్మకు చదువు రాదు. ఆమె గుర్తుపట్టే అక్షరాలు ఇవి మాత్రమే.

"మీ నాయన నన్ను ఏ పొద్దూ పేరు పెట్టి పిలవలేదమ్మా. 'ఇదిగో' అనేవాడు, లేదా నీ పేరు చెప్పి పిలిచేవాడు. ఆ అంగట్లో ఒక్కసారి చెప్పినాడు. అది రుద్దేసి కొత్తది కొట్టిస్తే, అది ఆచారి కొట్టిందే అవుతుంది గాని ఆయన చెప్పింది కాదు."

నాకు నోట మాట రాలేదు. అయితే అట్లాగే పెట్టెలో పెట్టేద్దామా అంటే దానికీ ఒప్పుకోలేదు. "పెట్టెలో పెడితే చచ్చినదాంతో సమానం. చెవి ఒక్కటి అతికించు. పగులు జోలికి పోవద్దు. కూళు నిలవకపోతే పోయె, బియ్యం నిలుస్తాయి గదా" అనింది.

మాకు తట్టని మూడో దారి అది. ఆచారి రెండు రివెట్లు కొట్టి చెవి బిగించినాడు. నిప్పు తగలలేదు, ఆకురాయి తగలలేదు. ఇప్పుడు రోజూ బియ్యం కొలిచేది ఆ చట్టితోనే, కొలిచేది నా కూతురే. అమ్మే దాన్ని ఆ పిల్ల చేతికి ఇచ్చింది.

మన పక్కనే ఇడైసేవల్ ఉంది, కీ.రాజనారాయణన్ పుట్టిన ఊరు. ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో మన కరిసల్ నేల కథలు రాసి, 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి తీసుకొన్నాడు. 2021లో ఆయన పోయినప్పుడు, ఆయన చదివిన ఇడైసేవల్ బడిని పాత రూపు మారకుండా బాగు చేస్తామని ప్రభుత్వం చెప్పింది. "పాత రూపు మారకుండా" అనే మాట అప్పుడు పేపర్లో చదివి వదిలేసినాను. అమ్మ ఒడిలో చట్టిని చూసినాక అర్థమైంది.

కాబట్టి ఏదైనా బాగు చేయించే ముందు, అందులో మనకు కావాల్సింది ఏది అని ఇంట్లో పెద్దవాళ్లను ఒక మాట అడగండి. గడియారమైతే అది తిరగడమా, అద్దం మీది గీతలా? చీరైతే జరీనా, అంచుకు పట్టిన పసుపు మరకా? అది తెలిస్తే ఏది ముట్టాలో, ఏది ముట్టకూడదో ఆచారికి మనమే చెప్పవచ్చు. నేను అడగకుండా ఆ రోజే పని అప్పగించి ఉంటే, తళతళలాడే చట్టి తెచ్చి అమ్మ ముందు పెట్టి ఉందును. అమ్మ అప్పుడు కూడా ఏమీ అని ఉండదు.

మీ పరణ్ మీద ఏముందో రాసి పంపండి. వచ్చే నెల కలుద్దాం.