ఆకాశము నెవరికొఱకు జయించితిమి?

పుష్పకవిమానకథలు వినుచు పెరిగిన జాతి మనది. ఆ కల్పనను నిజముచేయ యత్నించిన మహనీయులలో బ్రెజిల్ దేశీయుడగు ఆల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్ అగ్రగణ్యుడు. మనవారిలో రైటు సోదరుల నెఱిగినవారు పెక్కురు. ఈతని నెఱిగినవారు కొలదిమందియే.

ఈతడు 1873 జూలై 20వ తేదీన కాఫీతోటల యజమాని యింట జన్మించి, యౌవనమున పారిసు చేరెను. బుడగ గాలి త్రోసిన దిక్కునకే పోవును. ఈతడు దానిని పొడవుగా మలచి, క్రింద పెట్రోలు యంత్రమును, వెనుక చుక్కానిని అమర్చి గాలి కెదురేగ నేర్పెను. 1901 అక్టోబరు 19న తన ఆఱవ వాయునౌకలో ఈఫిల్ గోపురమును చుట్టివచ్చెను. అర్ధగంట గడువునుగూర్చి వివాదము చెలరేగినను బహుమాన మీతనికే దక్కెను. ఆ ధనమును తన పనివారికిని, పారిసులోని పేదలకును పంచిపెట్టెను.

1906లో పారిసు ప్రజలు చూచుచుండగా గాలికంటె బరువైన విమానమున నెగిరెను. పిమ్మట వెదురుబొంగులతో నిర్మించిన చిన్న విమానపు నమూనాలను పేటెంటు కోరక లోకమునకు విడిచెను. విద్యాదానమునకు ఇంతకంటె మంచి నిదర్శన మేమి కావలెను?

కాని లోక మా దానము నెట్లు వినియోగించినది? 1914లో మొదలైన మహాయుద్ధమున విమానములు నగరములపై బాంబులు గురిసినవి. 1919 ఏప్రిల్‌లో నాటి పంజాబునందలి గుజ్రాన్‌వాలా ప్రజలపై ఆంగ్లప్రభుత్వము విమానములనుండియే బాంబులు విడిచినది. దాస్యమున నున్న జాతికి ఆకాశమునుండి లభించిన కానుక యిది! విమానములను యుద్ధమున వాడరాదని 1926లో డ్యూమాంటు నానాజాతిసమితికి విన్నవించెను. ఆ మొఱ ఫలింపలేదు. 1932 జూలైలో ఆతని స్వదేశప్రభుత్వమే సావోపాలో తిరుగుబాటుదారులపై విమానములను ప్రయోగించెను. వ్యాధిపీడితుడై, మనశ్శాంతి కోల్పోయియున్న ఆతడు ఆ నెల 23న గ్వారుజాలో స్వహస్తమున ప్రాణము విడిచెను.

ఆకాశయానమే పాపమని మే మనుటలేదు. వఱదలో చిక్కిన పల్లెకు అన్నమును, రోగికి ఔషధమును కొనిపోవునదియు విమానమే. దోషము యంత్రమునందు లేదు. దానిని నడపు రాజనీతియందు గలదు. నేడు మనుష్యుడెక్కని విమానములుకూడ ఊళ్లపై నిప్పులు గురియుచున్నవి. నిర్మాత పశ్చాత్తాపము వానిని ఆపజాలదని డ్యూమాంటు చరిత్రయే చాటుచున్నది. ఆపగలిగినది ప్రభుత్వములను నిలదీయు ప్రజల వివేకమొక్కటియే. బాంబుల బాధ నెఱిగి స్వతంత్రమైన మనజాతి ఆ ప్రశ్నను, అన్యులను మాత్రమే కాదు, తన ప్రభుత్వమునుగూడ అడుగుచుండవలెను.